అరువు వస్తువుల గది

రంగుల పిన్ని అసలు ఎవరికి పిన్ని అంటే దీవిలో ఎవరూ చెప్పలేరు. ఆమెకంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా ఆమెని పిన్ని అనే పిలుస్తారు. పడవల మీద పేర్లు, కొట్ల మీద బోర్డులు, బడి గోడ మీద ఎక్కాలు, రేవు మెట్ల దగ్గర ‘జారుడు, జాగ్రత్త’ అన్న హెచ్చరిక, అన్నీ ఆమె చేతి రాతే. ఆ హెచ్చరిక రాస్తూ రాస్తూ ఆమే జారి పడిందని సరంగు ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెబుతుంటాడు. సరంగు అంటే ఆమె భర్త. ముప్పై ఆరేళ్లు లాంచీ నడిపి ఇప్పుడు వరండాలో పడక కుర్చీ నడుపుతున్నాడు. ఈ కథ భార్య లేనప్పుడు చెబుతాడనుకుంటే పొరపాటు, ఆమె ఎదురుగానే చెబుతాడు.

దీవిలో నాలుగు వీధులు. నాలుగు వేరే వేరే తీరాల నుంచి, నాలుగు భాషలతో, ఎవరి పడవల్లో వాళ్లు వచ్చి దిగినవాళ్ల వీధులవి. ఉప్పు మడులు చేసుకున్నవాళ్లది ఉప్పు వీధి. చేపలు పట్టేవాళ్లది వలల వీధి. మేకులు, లంగర్లు కొట్టేవాళ్లది కొలిమి వీధి. తెరచాప గుడ్డ నేసేవాళ్లది నూలు వీధి. ఇప్పుడు కొలిమి వీధిలో సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు, నూలు వీధిలో మగ్గం చప్పుడు ఒక్క ఇంట్లోనే వినిపిస్తుంది. బజారులో అందరిదీ ఒకటే మాట. ఇళ్లలో ముసలివాళ్లు మాత్రం ఎవరి భాషలో వాళ్లు సణుగుతారు. పిన్ని నాలుగు లిపుల్లోనూ బోర్డులు రాస్తుంది గాని చదవడం వచ్చింది ఒక్కటే. మిగతా మూడూ తండ్రి దగ్గర ముగ్గులు నేర్చుకున్నట్టు గీతలు గీతలుగా నేర్చుకుంది. తప్పు రాశావని ఇంతవరకూ ఎవరూ అనలేదు. వాళ్లలోనూ చాలామందికి చదవడం రాదు మరి.

ఈ నాలుగు వీధులూ కలిసి పాటించే మర్యాద ఒకటుంది. ఎవరైనా గుమ్మంలో నిలబడి ఒక వస్తువు అరువు అడిగితే లేదనకూడదు. ఇచ్చాక దాన్ని తిరిగి అడగకూడదు. అడిగినవాళ్ల పరువు ఏట్లో కలిసినట్టే. అవసరం తీరగానే తెచ్చి ఇవ్వడం తీసుకున్నవాళ్ల బాధ్యత. వినడానికి బాగానే ఉంది. కానీ అవసరం ఎప్పటికి తీరాలి? ఉయ్యాల తెచ్చుకున్న ఇంట్లో మొదటి పిల్ల నడక నేర్చేలోపు రెండో పిల్ల పుడుతుంది. ఇచ్చినవాళ్లు అడగలేక నోరు కుట్టుకుని కూర్చుంటారు. తీసుకున్నవాళ్లు, ‘అడగడం లేదు కదా, వాళ్లకి అక్కర్లేదేమో’ అనుకుంటారు. అలా ఒక తరం గడిస్తే చాలు, మనవలకి అది తాతగారి ఆస్తి అయిపోతుంది. ఈ సంగతి అందరికీ తెలుసు. తమ ఇంట్లోనూ అలాంటి వస్తువులున్నాయన్నది మాత్రం ఎవరికీ తట్టదు.

రెండేళ్లుగా పిన్ని కుడి చెయ్యి వణుకుతోంది. కిందటి వేసవిలో ఒక పడవకి పేరు రాస్తే అక్షరాలన్నీ వంకరలు తిరిగాయి. పడవ యజమాని మంచివాడు. “అలల్లాగా కొత్తగా రాశావు పిన్నీ, బాగుంది” అన్నాడు. ఆమె నవ్వి, ఇంటికి వచ్చి, పంపు విప్పి, ఆ చప్పుడులో తనివితీరా ఏడ్చింది. నిచ్చెన ఎక్కే రోజులు అయిపోయాయని ఆమెకి ఆ రోజే తెలిసింది.

అప్పటినుంచి ఆమె మనసంతా రేవులోని పాత సుంకం గోడౌను మీదే ఉంది. రాతి గోడలు, ఎత్తు కిటికీలు, లోపల గబ్బిలాలు. అందులో నాలుగు వీధుల పాత వస్తువులూ పెట్టి, పిల్లలకి చూపిస్తూ, కుర్చీలో కూర్చుని చిన్న చిన్న చీటీలు రాసుకుంటూ మిగతా జీవితం గడపాలని ఆమె కోరిక. చీటీ రాయడానికి మణికట్టు బల్లకి ఆనించుకోవచ్చు, వణుకు తెలియదు. పదకొండు అర్జీలు పెట్టింది. పన్నెండోదానికి జవాబొచ్చింది. నాలుగు వీధుల వారసత్వ వస్తువులు నాలుగు బీరువాల్లో విడివిడిగా పెట్టాలి, ఒక్కో వస్తువుకీ ‘ఇది మావాళ్లదే’ అని సొంతదారు సంతకం పెట్టిన దానపత్రం ఉండాలి, శుక్రవారం పదిగంటల లాంచీలో అధికారి వచ్చి చూస్తారు. తృప్తిగా ఉంటే సంతకం పెడతారు, లేకపోతే గోడౌను ఐసు కంపెనీకి. ఐసు కంపెనీవాళ్లు అప్పటికే ఒకసారి వచ్చి గోడలు కొలుచుకుని పోయారు. వెళ్తూ వెళ్తూ పిన్నిని బోర్డు రాసిపెడతావా అని కూడా అడిగారు.

ఆమె మూడు వారాలు కాలికి బలపం కట్టుకుని తిరిగింది. అరవై ఒక్క వస్తువులు వచ్చాయి. నాలుగు బీరువాలు తెప్పించి, నెత్తిన నాలుగు వీధుల పేర్లు, ఎవరి లిపిలో వాళ్లకి, ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని మరీ రాసింది. దానపత్రాల మీద సంతకాలు అధికారి ముందు పెడదామనుకున్నారు. గురువారం పొద్దున్న, రేపు పరీక్ష కదా, ముందు మనవాళ్లు చూడాలి అని గోడౌను తలుపులు బార్లా తెరిచింది. ఆమె చేసిన తప్పల్లా అదే.

దీవి అంతా పెళ్లికొచ్చినట్టు ముస్తాబై వచ్చింది. మొదటి పావుగంట బ్రహ్మాండంగా నడిచింది. తరవాత నూలు వీధి మగ్గం మామయ్య వలల వీధి బీరువా పక్కన ఆగిపోయాడు. అక్కడ గున్న ఏనుగు పట్టేంత కొయ్య తొట్టె ఉంది, వలలకి రంగు వేసే తొట్టె. దాని అడుగున చెయ్యి పెట్టి తడిమి, “ఇది మా తాతది. నూలు నానబెట్టే తొట్టె. అడుగున ఆయన చెక్కిన నెమలి ఉంది చూడండి” అన్నాడు. చూశారు, ఉంది. వలల వీధివాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అందులో పెద్దవాడొకడు చిన్నప్పుడు ఆ తొట్టెని దొర్లించుకుంటూ తెచ్చిన సంగతి గుర్తొచ్చి నీళ్లు నమిలాడు.

ఇక చూడాలి. కొలిమి వీధివాళ్లు ఉప్పు వీధి బీరువాలో తమ ముత్తాత చేసిన మీటల పెట్టె చూశారు. ఉప్పు వీధివాళ్లు నూలు వీధి బీరువాలో తమ తూకపు రాళ్లు చూశారు. వలల వీధి తాతకి ఎనభై ఒకటి, కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకుని అన్నీ చూసుకుంటూ వచ్చి, కొలిమి వీధి బీరువా ముందు వేలాడదీసిన తాళ్ల ఉయ్యాల దగ్గర నిలబడిపోయాడు. అది వాళ్లమ్మ అల్లిన ఉయ్యాల. అందులో ఆయన పడుకున్నాడు. ఆయన తరవాత పుట్టిన తమ్ముడూ పడుకున్నాడు. ఆ తరవాత ఎవరో అరువు అడిగితే వాళ్లమ్మ ఇచ్చేసింది.

గుమ్మంలోకి వెళ్లి తిరిగి ఇమ్మనడం తప్పుగాని, గోడౌను ఎవరి గుమ్మమూ కాదు. డెబ్భై ఏళ్లుగా నోరు కుట్టుకున్నవాళ్లందరికీ ఆ పొద్దున్న ఒక్కసారిగా దారి దొరికింది. ఎవరూ ఎవరితోనూ తగవు పడలేదు. పైగా ఒకళ్లనొకళ్లు పట్టుకుని నవ్వుకున్నారు, ‘మా ఇంట్లో ఇంకా ఏమేం ఉన్నాయో మీవి’ అని హాస్యాలాడుకున్నారు. నవ్వుకుంటూనే ఎవరి వస్తువు వాళ్లు చంకన పెట్టుకుని ఇంటికి పట్టుకుపోయారు. మధ్యాహ్నం పన్నెండింటికి నాలుగు బీరువాల్లో కలిపి మిగిలినవి మూడు. అందులో ఒకటి పిన్ని కళ్లజోడు.

దీవి అంతా సంబరపడుతున్న పూట ఆమె ఒక్కతే బీరువాల మధ్య స్టూలు మీద కూలబడింది. కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియలేదు. వాళ్లది తప్పు కాదు. పన్నెండు అర్జీలు, మూడు వారాల తిరుగుడు, ముందున్న రోజులన్నీ ఎవరి చంకలోనో కూర్చుని వెళ్లిపోయాయి. సరంగు క్యారేజీ పట్టుకుని వచ్చి, చుట్టూ చూసి, మొట్టమొదటిసారి ఏ హాస్యమూ ఆడలేదు. అన్నం కలిపి చేతికిచ్చాడు. ఆమె తినలేదు.

“ఒకసారి వీధుల్లోకి వెళ్లి చూసి రా” అన్నాడు చివరికి. “తొట్టె దగ్గర ఏదో గొడవగా ఉంది. నేను చెబితే బాగుండదు, కళ్లతో చూడాలి.”

ఆమె వెళ్లింది. నూలు వీధిలో మగ్గం మామయ్య తొట్టె నిండా నీళ్లు పోసుకున్నాడు. నీళ్లన్నీ బీటల్లోంచి కారి వరండా దాటి, మెట్లు దిగి, పక్కింటి బియ్యం డబ్బా కిందికి చేరుతున్నాయి. పక్కింటావిడ ఒంటికాలి మీద లేచింది. వలల వీధి నుంచి ఒక పెద్దావిడ పరుగెత్తుకొచ్చి, దాన్ని రెండు రోజులు తడి గోనె కప్పి ఉంచాలని, కొయ్య ఉబ్బితే గాని నీళ్లు ఆగవని చెబుతోంది. వాళ్ల అత్తగారు నేర్పిన కిటుకట. కొలిమి వీధిలో మీటల పెట్టె చుట్టూ పదిమంది. చేసినవాడి మునిమనవలకి దాన్ని తెరవడం రాదు. ఉప్పు వీధి నుంచి రిటైరైన పెద్ద పంతులమ్మని పిలుచుకొస్తే, ఆవిడ అటు తిరగమని అందరికీ చెప్పి, కొంగు చాటున ఏ మీట ఎటు నొక్కిందో గాని, పెట్టె టక్కున తెరుచుకుంది. పదిమందీ ముక్కున వేలేసుకున్నారు. ఇలా తిరుగుతూ వలల వీధికి వచ్చేసరికి పిన్ని నడక దానంతటదే తగ్గింది.

తాత ఇంట్లో ఉయ్యాల దూలానికి కట్టారు. అందులో ఆయన మునిమనవరాలు, నెల పిల్ల, గుక్కపట్టి ఏడుస్తోంది. తల్లి ఊపుతోంది, తాత ఊపుతున్నాడు, ఫోనులో ఏదో పాట పెట్టారు, పిల్ల వినదు. గుమ్మంలో కొలిమి వీధి అమ్మమ్మ నిలబడి ఉంది. తన నలుగురు పిల్లల్నీ తొమ్మిది మంది మనవల్నీ ఆ ఉయ్యాలలోనే పెంచిన మనిషి. ఉయ్యాల పోయినందుకు ఏమీ అనలేదు గాని, ముడి సరిగ్గా వేశారో లేదో చూసి పోదామని వచ్చిందట. ఒక పక్క ముడి మార్చి, ఉయ్యాల అంచు మీద చెయ్యి వేసి, పెద్ద గొంతు కాదు, మామూలుగా పాట ఎత్తుకుంది.

తాత చేతిలోని గ్లాసు అలాగే ఆగిపోయింది. ఆ పాట వాళ్ల భాషది. వలల వీధిలో ఇప్పుడు ఎవరికీ రాని పాట. వాళ్లమ్మ పోయాక ఆయన మళ్లీ వినలేదు. తనకి గుర్తున్నది మొదటి వరుసలో సగం. కొలిమి వీధి అమ్మమ్మ ఆరు చరణాలూ పాడింది. పిల్ల ఎప్పుడు నిద్రపోయిందో ఎవరూ చూడలేదు. తాత చంటిపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చి, తరవాత పకపకా నవ్వాడు.

“నీకు దాని అర్థం తెలుసా వదినా?”

“మీ మాట నాకేం తెలుసు అన్నయ్యా. ఉయ్యాలతోపాటు మా అత్తకి వచ్చింది, అత్త నాకు నేర్పింది. చందమామ పాటేమో అనుకుంటాను.”

“చందమామా లేదు, ఏమీ లేదు. ‘మీ నాన్న వేటకెళ్లి ఇంకా రాలేదు, రానీ వాడి సంగతి చెబుతాను, నువ్వు పడుకో’ అని మా అమ్మ మా నాన్నని తిట్టే పాట.”

యాభై ఏళ్లుగా ఎవరి మొగుణ్ణో తిడుతూ పిల్లల్ని నిద్రపుచ్చానని తెలిసి అమ్మమ్మ గోడకి జారబడి కడుపుబ్బ నవ్వింది. పిల్ల లేస్తుందని అందరూ ఆమె నోరు మూశారు.

పిన్ని అక్కడినుంచి ఇంటికి పోలేదు. ఇన్నాళ్లూ తను అడిగిన తీరే తప్పని ఆమెకి అర్థమైంది. కాగితంలో రాసినట్టు దానం చెయ్యమని అడిగింది. ‘ఇది మావాళ్లదే’ అని చెప్పమంది. ఈ దీవిలో ఎవరూ ఎవరినీ అలా అడగరు. ఆమె తిన్నగా తాత గుమ్మంలోకి వెళ్లి, బయట మెట్టు మీద నిలబడి, దీవిలో అడిగే పద్ధతిలో అడిగింది.

“తాతా, ఈ ఉయ్యాల గోడౌనుకి అరువు కావాలి.”

తాత ఆమె వంక చూశాడు, నిద్రపోతున్న పిల్ల వంక చూశాడు. గుమ్మంలో అడిగాక లేదనేవాడు ఆ దీవిలో ఇంకా పుట్టలేదు. “పొద్దున్న పట్టుకెళ్లు. పిల్ల లేచాక” అన్నాడు. పిన్ని అమ్మమ్మ వైపు తిరిగి, ఉయ్యాలతోపాటు నువ్వు కూడా రావాలి అంది. పొద్దుగూకేలోపు నాలుగు వీధులూ తిరిగింది. ప్రతి గుమ్మంలోనూ అదే మాట. వస్తువు సొంతదారు దగ్గర, కిటుకు అరువు తెచ్చుకున్న ఇంట్లో. కాబట్టి ప్రతి వస్తువుకీ రెండు గుమ్మాలు ఎక్కాల్సి వచ్చింది. ఒక్కరూ లేదనలేదు. మగ్గం మామయ్య ఒక్కడే, తడి గోనెతో సహా తొట్టె మోసుకురావడానికి నలుగుర్ని పంపమన్నాడు.

శుక్రవారం పదింటికి లాంచీ దిగిన ఆఫీసరమ్మ సన్నగా, నిటారుగా, చేతిలో ఫైలుతో వచ్చింది. నాలుగు బీరువాల మీద పేర్లు లేవు. పిన్ని తెల్లవారుజామునే కిరసనాయిలు గుడ్డతో తుడిచేసింది. వస్తువులన్నీ కలిసిపోయి ఉన్నాయి, ఒక్కోదాని పక్కన ఇద్దరేసి మనుషులు నిలబడి ఉన్నారు. ఆఫీసరమ్మ భృకుటి ముడిపడింది. ఏ వీధి వస్తువు ఏదో రాయకపోతే ఎలా అని అడిగింది. తెలుసుకోవడానికి దగ్గర్లో ఉన్న ఉయ్యాల వైపు పెన్ను చూపించింది.

“ఇది ఎవరిది?”

“మాదమ్మా” అన్నాడు తాత.

“ఈవిడ దీనికి పాట పాడుతారని మీ పిన్నిగారు చెప్పారు. ఆ పాట ఎవరిది?”

“పాట కూడా వాళ్లదేనమ్మా. మా దగ్గర ఉంది, అంతే” అంది అమ్మమ్మ, కొంగు సర్దుకుంటూ.

ఆఫీసరమ్మ పెన్ను ఆగింది. పాడించుకుంది. పెట్టె తెరిపించుకుంది, అటు తిరగమంటే బుద్ధిగా అటు తిరిగింది. తొట్టె అడుగున నెమలిని వంగి చూసి, లేవడానికి మగ్గం మామయ్య చెయ్యి అందుకుంది. రెండు గంటలు గడిచాక, దానపత్రాలు లేవు కాబట్టి తను సంతకం పెట్టలేనని, తన దగ్గర ఉన్న మరో కాగితం అరువు పత్రమని చెప్పింది. పిన్ని ప్రాణం లేచొచ్చింది. తనకి కావలసింది అదేనంది. అయితే అందులో ఒక గడి ఉంది, తిరిగి ఇచ్చే తేదీ. ఎప్పుడు రాయమంటారని ఆఫీసరమ్మ అందరినీ అడిగింది.

పెద్ద పంతులమ్మ చూపు నేలకి దించుకుంది. తాత దగ్గాడు. ఎవరో పెళ్లిలో చెడ్డమాట అన్నట్టు అందరూ ఇబ్బందిపడిపోయారు. పిన్ని ముందుకి వచ్చి, మెల్లగా చెప్పింది.

“ఆ గడి వదిలెయ్యండమ్మా. మా దగ్గర ఆ మాట అడగరు.”

ఆఫీసరమ్మ ఒక్కొక్కళ్ల మొహం చూసుకుంటూ వచ్చింది. ఖాళీ గడి ఉంటే పైన అడుగుతారు అంది. తరవాత అడిగితే నేను చెప్పుకుంటాను అంది. ఖాళీగానే వదిలి సంతకం పెట్టింది. సరంగు కేక పెట్టబోయి, ఆఫీసరు కదా అని తమాయించుకుని, లాంచీవాడికి సైగ చేశాడు. లాంచీ కూత మూడుసార్లు మోగింది.

తాళంచెవి పిన్ని నడుముకి వచ్చిన నాలుగో రోజునే నూలు వీధి కోడలొకతె గోడౌను గుమ్మంలో నిలబడింది. ఈ నెలలో పురుడు, ఉయ్యాల అరువు కావాలంది. పిన్ని గుండెలో రాయి పడింది. ఎన్ని తిప్పలు పడి తెచ్చిన ఉయ్యాల! కానీ ఇప్పుడు గుమ్మం ఆమెది. లేదనకూడదు. ఎప్పుడిస్తావని అడగకూడదు. దించి ఇచ్చేసింది. ఉయ్యాల వేలాడిన చోట, మణికట్టు బల్లకి ఆనించి, ఒక చీటీ రాసి తగిలించింది. వారం తిరక్కుండా తొట్టె వెళ్లింది. పెట్టె వెళ్లింది. చీటీలు పెరిగాయి. పిన్నికి మొదట్లో ప్రాణం ఉసూరుమనేది. తరవాత తరవాత చీటీ రాస్తూ కూనిరాగం తీయడం మొదలుపెట్టింది.

మూడు నెలలకి ఆఫీసరమ్మ చెప్పకుండా వచ్చింది. బీరువాల్లో సగం ఖాళీ. ఆమె మొహం పాలిపోయింది, మొదటి చీటీ దగ్గరికి వెళ్లి చదివింది. ‘ఉయ్యాల నూలు వీధిలో, నీలం తలుపు ఇంట్లో ఉంది. మెల్లగా వెళ్లండి, పాప పడుకుని ఉంటుంది.’ రెండోది తొట్టె ఎక్కడుందో చెబుతోంది, ఆ ఇంట్లో టీ అడిగితే ఇస్తారని కూడా రాసి ఉంది. లాంచీ దిగి చూడ్డానికి వచ్చినవాళ్లు చీటీలు చదువుకుని వీధుల్లోకి వెళ్తారని, సాయంత్రం లాంచీకి కష్టం మీద తిరిగొస్తారని పిన్ని సంజాయిషీగా చెప్పింది.

ఆఫీసరమ్మ నీలం తలుపు వెతుక్కుంటూ వెళ్లింది. లోపల నూలు వీధి కోడలు ఉయ్యాల ఊపుతూ పాడుతోంది. కొలిమి వీధి అమ్మమ్మ ఆమె తప్పు పాడిన చోట ఆపి దిద్దుతోంది. మెట్టు మీద కూర్చుని వలల వీధి తాత ఒక్కో చరణానికీ అర్థం చెబుతున్నాడు, లోపల పిల్ల తండ్రి అది విని నాలిక కరుచుకుంటున్నాడు. ఆఫీసరమ్మ చెప్పులు విప్పి లోపలికి వెళ్లింది.

సాయంత్రం గోడౌనుకి తిరిగొచ్చి, పిన్ని బల్ల మీదే కూర్చుని తనిఖీ కాగితం నింపింది. గదిలో ఉన్న వస్తువులు ఇరవై ఏడు. బయట ఉన్నవి ముప్పై నాలుగు. కింద అభిప్రాయం రాయమన్న చోట కాసేపు ఆలోచించి, ‘గది బాగా పనిచేస్తోంది’ అని రాసి, కాగితం పిన్ని వైపు తిప్పింది. పిన్ని ఆ మాటలు రెండుసార్లు చదువుకుంది. ఈసారి పంపు విప్పే పని పెట్టుకోకుండా, అందరూ చూస్తుండగానే ఏడ్చేసింది.